తౌనో కివెల వీడ్కోలు కాఫీ

"కైసూ! ఆ కేకు మీది కాదే తల్లీ!"

కాఫీ హోటలు నడిపే సిర్కా గుమ్మంలోనే నిలబడిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. పొద్దుటి నుంచి గైడు కైసు వెంట ఫిన్లండులోని తుర్కు ఊరి వీధులన్నీ కాలినడకన తిరిగి, ప్రతి అంగడిలోనూ పొగబెట్టిన చేపలూ నల్లరొట్టెలూ రుచి చూస్తూ వచ్చిన ఆరుగురు విదేశీ యాత్రికులు రొట్టెలు పొరలుగా పేర్చి చేసిన ఆ పెద్ద శాండ్‌విచ్ కేకును సగానికి పైగా ఊదేశారు. పైన అలంకరించిన రొయ్య ఒక్కటీ మిగల్లేదు.

"మా ఆఖరి మజిలీ ఎప్పుడూ మీ వెనక గదే కదక్కా!"

"ఇవాళ ముందు గది అని చెప్పానా లేదా? చెవినేసుకుంటేగా! అటు చూడు."

కైసు చూసింది. తలుపు చాటున చిన్న బల్ల మీద తెల్లగుడ్డ, వెలుగుతున్న కొవ్వొత్తి, నావికుల టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఫొటో. చనిపోయిన మనిషికి అంత్యక్రియలయ్యాక ఇచ్చే వీడ్కోలు కాఫీకి సిద్ధం చేసిన గదిలో తన మందిని తెచ్చి కూర్చోబెట్టింది.

"తౌనో కివెల అని, ఓడల్లో పనిచేశాడట," అంది సిర్కా గొంతు తగ్గించి. "ఆసుపత్రికి పోయేముందు తనే వచ్చి చెప్పి వెళ్లాడు. తనకోసం వచ్చినవాళ్లు ఖాళీ కడుపుతో పోకూడదన్నాడు. ఇప్పుడు వాళ్లొస్తే ఏం పెట్టమంటావ్, నీ మొహమా?"

అంతలోనే తలుపు తెరుచుకుంది. నల్లకోటు, వానకు తడిసిన భుజాలు, చేతిలో తెల్లపూలు. ఒక ముసలాయన ఒంటరిగా లోపలికొచ్చి కేకు వంకా, ఆరుగురి వంకా మార్చి మార్చి చూశాడు.

కైసుకి భూమి చీలితే బాగుండుననిపించింది. ఈయన తమ్ముడో, ప్రాణ స్నేహితుడో! అయినవాడి ఆఖరి విందును దారినపోయేవాళ్లు తినేశారని ఏ నోటితో చెప్పడం?

"వీళ్లు తౌనో గారితో ఓడల్లో పనిచేసినవాళ్లండీ. వాళ్ల ఇంటివాళ్లూ వచ్చారు," అనేసింది.

ముసలాయన ఒక్కొక్కరి చేయీ తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పూలు ఫొటో ముందుంచి తలవంచి నిలబడ్డాడు. ఆ సందులో కైసు యాత్రికుల చెవిలో సంగతి ఊదింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు.

"ఆయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పండి," అన్నాడు ముసలాయన.

ఇటలీ నుంచి వచ్చిన ఒర్నెల్లా గొంతు సవరించుకుంది. "నన్ను క్షమించమని చెప్పమ్మా. ఇంత కమ్మటి తిండి పెట్టిందెవరో తెలియకుండానే తినేశాను," అంది ఇంగ్లీషులో.

కైసు దాన్ని ఫిన్నిష్‌లోకి మార్చింది. "ఆకలితో వచ్చినవాళ్లను ఊరూ పేరూ అడక్కుండా కూర్చోబెట్టి తినిపించేవాడట."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. సిర్కా మిగిలిన కేకు కోసి అందరికీ పంచి, కాఫీ పోసింది. మరెవరూ రాలేదు.

ఆయన బయల్దేరినప్పుడు కైసు వాకిలిదాకా వెంట వెళ్లింది. చెప్పిన అబద్ధాన్ని ఇక మోయలేకపోయింది. ఏదైతే అదైందని నోరు తెరిచింది. "పెద్దాయనా, మిమ్మల్ని క్షమాపణ అడగాలి..."

"నువ్వెందుకమ్మా, నేనడగాలి!" అన్నాడు ముసలాయన, తడి కళ్లు దించుకుని. "లోపల అందరి ముందూ చెప్పడానికి సిగ్గేసింది. తౌనో గారిని నేనెప్పుడూ చూడనే లేదు. ఎవరైనా రావచ్చని పేపర్లో వేశారు. పాపం, నాలాగే నా అన్నవాళ్లు లేనివాడేమో, ఖాళీ కుర్చీలే మిగులుతాయేమో అని వచ్చాను. ఇంతమందిని సంపాదించుకున్నాడు, అదృష్టవంతుడు!"