ఎంగిలి జిగురు

వేలికి ఏదో మెత్తగా, జిగటగా తగిలింది.

బోర్డులాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలితోపాటు తీగ సాగింది. ఎవరో నమిలి నమిలి వదిలేసిన చూయింగ్ గమ్. ఇంకా ఉమ్మి తడి ఆరలేదు.

"ఛీ! ఎవడ్రా ఈ పాడు పని చేసింది!"

అది తన చేతులతో తయారుచేసి, ఆసుపత్రి నడవ రెండుగా చీలే చోట తనే బిగించిన బోర్డు. 'అత్యవసర విభాగం' అని ఎర్రటి అక్షరాలు, వాటి కింద కుడివైపు చూపే బాణం. ఆ బాణం మొన కింద ఎవడో ఎంగిలి ముద్ద కుక్కాడు. సరిగ్గా ఇవాళే పెద్ద డాక్టరు బోర్డులు చూడటానికి వస్తానన్నాడు. ఆయనకు నచ్చితే పై అంతస్తుల పని కూడా దక్కుతుంది. లేకపోతే లేదు.

"మొన లేచిపోతున్నట్టుంది బావా," అన్నాడు కూడా వచ్చిన బావమరిది. "నేను ఆరోజే మొత్తుకున్నా. నేల కడిగిన నీళ్ళు చిందే చోటు, అట్టబోర్డు ఉబ్బుతుంది, వెనక అల్యూమినియం షీటు వేద్దాం అని. అక్షరాలకీ బాణానికీ అంటించే వినైల్ స్టిక్కరు కూడా బయట వాడే గట్టి రకం తెద్దామన్నా. విన్నావా?"

"ఎండా వానా లేని గోడకి అంత సోకెందుకు?"

"పోనీ బాణమైనా ఒకే ముక్కగా కోశావా? గీత ఒక ముక్క, మొన ఇంకో ముక్క. పాత పనుల్లో మిగిలిన ముక్కలు పారెయ్యడానికి నీకు ప్రాణం ఒప్పలేదు. ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలవు కదా!"

"ఎంగిలి మాటెత్తకురా బాబూ. అసలే వాంతి వచ్చేలా ఉంది."

నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తింది. "మీరు తుడిచినా మళ్ళీ పెడతాడయ్యా. అదిగో, వస్తున్నాడు."

మనిషికంటే ముందు వాసన వచ్చింది. మాసిన గడ్డం, జిడ్డుకట్టి నల్లబడిన కాలరు, చాలా రోజులుగా నీళ్ళు చూడని ఒళ్ళు. వాళ్ళెవరినీ పట్టించుకోకుండా తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. నోట్లో వేళ్ళు పెట్టి నములుతున్న గమ్ము బయటికి తీశాడు. ఉండ చేసి, మొన కింద పెట్టి, బొటనవేలితో నొక్కాడు.

బోర్డులాయనకు ఒళ్ళంతా కంపరమెత్తింది.

"ఏయ్! ఏంటా పని?"

"మొన ఊడిపోతోందండీ."

"ఊడితే ఊడనీ! నా బోర్డుకి నీ ఎంగిలి పూస్తావా?"

"మామూలు జిగురు కూడా పెట్టి చూశానండీ. తడికి నిలవట్లేదు. ఇదైతే ఒక పూటన్నా ఆగుతోంది."

"మనిషివా, పందివా?"

అతని మొహం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"వట్టి గీత మిగిలితే ఎటు వెళ్ళాలో తెలీదండీ. మీరు గట్టిగా అతికించండి. నేనింక ఇటు రాను."

"నువ్వా నాకు పని నేర్పేది?"

చెయ్యి తగలకుండా తుడిచే గుడ్డ అడ్డం పెట్టుకుని, కాలరు పట్టి గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు బోర్డులాయన. "మళ్ళీ లోపల కనిపించావో, కాళ్ళు విరగ్గొడతా!" అని బయటికి నెట్టాడు. అతను తిరిగి తిరిగి లోపలికే చూస్తూ వెళ్ళిపోయాడు.

గుడ్డని కూడా చెత్తబుట్టలో పారేసి, బోర్డులాయన సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. రోత తీరక మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత ఇంకో గుడ్డతో గమ్ము ఆనవాలు లేకుండా గీకి, మొనను అరచేత్తో అదిమాడు.

పెద్ద డాక్టరు వచ్చాడు. బోర్డులు చూసి, "శుభ్రంగా ఉన్నాయి. పైన కూడా మీరే కానివ్వండి," అని వెళ్ళిపోయాడు.

బోర్డులాయన మొహం చేటంత అయింది. "చూశావా? నీ అల్యూమినియం షీటు అడిగాడా ఆయన?" అన్నాడు బావమరిదితో.

సామాను సర్దుకుంటుండగా మొన రాలి తడి నేలమీద పడింది. ఎవరూ చూడలేదు.

అంతలో ఒక అమ్మాయి తండ్రిని భుజానికి ఆనించుకుని దాదాపు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. అమ్మాయి బోర్డు చదివింది. గీతకేసి చూసింది. ఎడమవైపు తిరిగి పరుగు లంకించుకుంది.

"అటు కాదు తల్లీ! అది గుడ్డలుతికే గది!" ఆయమ్మ తుడుపుకర్ర వదిలేసి పరిగెత్తింది. బావమరిది ముసలాయన్ని అమాంతం ఎత్తుకుని కుడివైపు పట్టుకెళ్ళాడు.

బోర్డులాయన మొన ఏరి తుడిచి అతికించాడు. నిలవలేదు. ఊది, మళ్ళీ అదిమాడు. మళ్ళీ రాలింది. ఇందాక అంతసేపు కడుక్కున్న తన చేతుల్ని చూస్తే తనకే అసహ్యమేసింది.

గేటు దగ్గరికి పరిగెత్తాడు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు. ఆ మనిషి జాడ లేదు.

తిరిగొచ్చేసరికి ఆయమ్మ ఒంటరిగా బోర్డు కింద నిలబడి ఉంది. వచ్చేవాళ్ళకి చేత్తో కుడివైపు చూపిస్తోంది.

"ఆ ముసలాయన?"

"గండం గడిచిందన్నారు."

"ఆ గమ్ము మనిషి... అతనికి ఈ ఆసుపత్రిలో ఎవరున్నారు?"

"ఇప్పుడెవరూ లేరయ్యా. ఆ మొన మొదటిసారి రాలిన రోజు, పెళ్ళాన్ని రెండు చేతులమీదా మోసుకుంటూ ఆ గుడ్డలుతికే గది దాకా పరిగెత్తి, తాళం వేసిన తలుపు ముందు ఆమెను పోగొట్టుకున్నవాడు అతనే."