ఊరందరికీ పదీ పది

ఆ కాలానికి వేళ చెప్పే పని చెవిలోని బఠాణీ గింజంత యంత్రానిది. మణికట్టు మీది వాచీ నలుగురికీ చూపించుకోవడానికే. లక్షల ఖరీదు వాచీల నకళ్లు కూరల బండి మీద కూడా దొరికేవి. ప్రకటనల బొమ్మల్లో ముళ్లు పదీ పది దగ్గర ఉంటాయి కాబట్టి, తయారుచేసేవాళ్లు వాటిని అక్కడే అతికించి వదిలేసేవారు. అసలు వాచీ నడుస్తుందన్న సంగతే జనం మర్చిపోయారు.

హైమావతి చేతికున్నది మాత్రం అసలుది, తాతగారిది. రోజూ కాఫీకి ముందే దానికి కీ ఇచ్చేది. ఊళ్లోవాళ్ల చచ్చిన వాచీలు చూసి లోలోపల నవ్వుకునేది.

కూతురి నిశ్చితార్థంలో తాంబూలాలు పుచ్చుకోబోతూ, కాబోయే వియ్యంకుడు ఫణిభూషణం ఆమె చెయ్యి చూసి ఆగిపోయాడు.

"ముల్లు కదులుతోందేంటి చెల్లెమ్మా?"

"ఇది నడిచే వాచీ అన్నయ్యగారూ. మా తాతగారిది."

"అసలుదైతే ఎందుకు కదులుద్ది? ఇంతమందిలోకి నకిలీది పెట్టుకొచ్చారు. ఇక మిగతా సంగతులు ఎలా నమ్మమంటారు?"

బంధువులంతా ఎవరి పదీ పది వాళ్లు చూసుకుని తలలూపారు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. హైమావతి పళ్లు బిగించి, కీ పైకి లాగి, ముళ్లను పదీ పదికి తిప్పి ఆపేసింది.

ఫణిభూషణం వంగి చూశాడు. "ఇప్పుడు అసలుదిలా ఉంది," అంటూ తాంబూలం అందుకున్నాడు.

భోజనాలకు లేస్తూ కూతురు తల్లి చెవిలో చెప్పింది. "ఇంక దానికి కీ ఇవ్వకమ్మా. అది నడిస్తే అత్తారింట్లో నా పరువు పోతుంది."