కొరత కమిటీ

“అమ్మా, మీ లెక్క ప్రకారం ప్రపంచంలో డాక్టర్లకు కరువు. ఈ బాబు లెక్క ప్రకారం ఫీజులకే కరువు. రేపు రిపోర్టు ఇవ్వాలి. ఏదో ఒక కరువు తేల్చండి, నా బుర్రకు కరువొచ్చేలోపు!” అంటూ ఛైర్మన్ బల్ల చరిచాడు.

మరో పదిహేనేళ్లకు ఏ దేశంలో ఎందరు డాక్టర్లు తక్కువ పడతారో ముందే చెప్పడం ఆ గదిలో ముగ్గురి పని. జబ్బులను బట్టి లెక్క కట్టే ఆవిడ అవసరాలమ్మ. జనం పెట్టగల ఖర్చును బట్టి కట్టే అతను గిరాకీ బాబు. రెండూ ఛైర్మన్ తగిలించిన పేర్లే. తెలివైన డాక్టర్లను, లెక్కలవాళ్లను పంపమని పైఅధికారులకు రాశాడు, వాళ్లు ఆర్డరేసి పంపారు. అసలు పేరూ ఊరూ అడిగే తీరిక ఆయనకెక్కడిది?

“పేద దేశంలో అసలు కొరతే లేదండి. కొనే శక్తి లేనప్పుడు గిరాకీ ఎక్కడిది?” అన్నాడు గిరాకీ బాబు.

“అంటే డబ్బు లేనివాడికి కడుపునొప్పి రాదా?” అంది అవసరాలమ్మ.

“వస్తుంది. నా లెక్కలోకి రాదు.”

ఛైర్మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “భేష్! నొప్పి వాడిది, ఒప్పు నీది!”

ఫోను మోగింది. తమ్ముడి భార్య. నవ్వుతూనే స్పీకరు నొక్కాడు.

“బావగారూ, మీ తమ్ముడికి అపెండిక్స్ పగిలిందట. ఇక్కడ మా కొండవతలి ఆసుపత్రికే తెచ్చాం. ఆపరేషన్ చేసే డాక్టరుగారు చేతులు కడుక్కుని నించున్నారు. మత్తు ఇచ్చే డాక్టరే లేరు!”

“ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లమ్మా!”

“పూట ప్రయాణం బావగారూ. అంతసేపు ఆగడంటున్నారు. ఉన్న ఒక్క మత్తు డాక్టర్నీ మొన్ననే ఎవరో పెద్దాయన ఆర్డరేయించి పట్టుకుపోయారట. మీ మాట ఎక్కడైనా చెల్లుతుంది కదా, వెనక్కి పంపించండి, మీకు పుణ్యముంటుంది!” అవతల ఏడుపు.

ఛైర్మన్ మళ్లీ బల్ల చరిచాడు.

“ఊరికి ఉన్న ఒక్కర్నీ ఊడబెరుకుతారా? ఎవడమ్మా ఆ బుద్ధిలేని పెద్దాయన? ఏ కుర్చీలో కూర్చుని కులుకుతున్నాడు? వాణ్ణి...”

అవసరాలమ్మ లేచి నిలబడింది.

“ఆ మత్తు డాక్టర్ని నేనే సార్, నన్ను రప్పించింది మీరే.”