వెనక సీటు

డిసెంబరు మంచులో, ఇంకా తెల్లవారకముందే, ముగ్గురు స్నేహితులు విశాఖ నుంచి శ్రీకాకుళానికి సైకిళ్ల మీద బయల్దేరారు. సాయిశంకర్, యశస్విని ఇద్దరూ కలిసి తొక్కే రెండు సీట్ల సైకిల్ మీద ముందు వెళ్తున్నారు. ఫరాజ్‌దీ అలాంటి సైకిలే కానీ, వెనక సీటు ఖాళీ. ఏటా అక్కడ కూర్చునే తారిఖ్ మొన్న వానాకాలంలో జ్వరంతో పోయాడు.

ఆనందపురం దాటాక ఎత్తు రోడ్డు వచ్చింది. అక్కడ ఫరాజ్‌కి పెడల్ ఉన్నట్టుండి తేలికైంది. వెనక ఎవరో తొక్కుతున్నారు. అతనికి భయం వేయలేదు, కళ్లు చెమర్చాయి.

"వచ్చావేటి బావా?" అన్నాడు మెల్లిగా.

తగరపువలస టీకొట్టు దగ్గర ఆ ఇద్దరూ ఆగి ఉన్నారు. ఫరాజ్ తొక్కడం మానేశాడు. పెడల్స్ మాత్రం అతని కాళ్లను లాక్కుంటూ తిరుగుతూనే ఉన్నాయి. బ్రేకులు నొక్కినా సైకిల్ నెమ్మదించలేదు.

"ఆగవేటి బావా?" సాయిశంకర్ అరిచాడు.

"తారిఖ్ ఆగనివ్వట్లేదు!"

సైకిల్ టీకొట్టు వెలుగులోంచి దూసుకుపోయింది. వెనక సీటు వైపు చూసిన సాయిశంకర్ చేతిలో గ్లాసు జారిపడింది.

"దూకీ బావా! నీ ఎనకాల ఉన్నోడు తారిఖ్ కాడు!"

ఇద్దరూ సైకిలెక్కి వెంటపడ్డారు. మంచులో ఫరాజ్ కేకలు వినిపిస్తున్నాయి. వాళ్లెంత తొక్కినా ఆ కేకలు దూరమవుతూనే ఉన్నాయి.