చేతికింత పని

“వల వదిలెయ్యండక్కా! రేపట్నుంచి దానికో మనిషిని పెడుతున్నాను,” అన్నాడు వాలీబాల్ కోచ్, గొప్ప వరమేదో ఇస్తున్నవాడిలా.

స్తంభానికి తాడు బిగిస్తున్న దర్జీ అక్క చేతులు ఆగిపోయాయి. “ఏం, నేను కట్టిన ముడి ఎప్పుడైనా ఊడిందా?”

“అయ్యో, అది కాదు! పిల్లల్ని ఆటకి తీసుకొస్తే పెద్దవాళ్ళ చేత చాకిరీ చేయిస్తున్నాననేగా, అందరూ కొత్త క్లబ్బుకి పోతున్నారు! మీరూ మొన్న వెళ్ళి చూశారటగా?”

“చూశాం. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. లేవనిస్తే ఒట్టు! గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా. దారిలో మా పాపే అంది, ‘అక్కడ నువ్వు చుట్టంలా కూర్చున్నావమ్మా, మన క్లబ్బే మేలు’ అని.” ముడి గట్టిగా లాగింది. “మనిషిని పెట్టుకుంటే మీ ఇష్టం. ఈ వల జోలికి మాత్రం రానివ్వకండి.”

కోచ్ ఆ ముడిని ఓసారి లాగి చూశాడు. ఉన్నవాళ్ళు తన శిక్షణ చూసి ఉంటున్నారనీ, పోయేవాళ్ళు ఈ పనులు చూసి పోతున్నారనీ అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

అంతలో గేటు దగ్గర్నుంచి ఓ తండ్రి మొహమాటపడుతూ వచ్చాడు. “సార్, మావాణ్ణి రేపట్నుంచి మాన్పిద్దామని...”

ఇంకోరోజైతే కోచ్ గడ్డం పట్టుకుని బతిమాలేవాడే. ఇవాళ పంపు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. “అలాగే మాన్పిద్దురుగాని. ఈలోగా ఆ బంతికి కాస్త గాలి కొట్టిపెట్టండి.”

ఆయన చొక్కా చేతులు పైకి మడిచి గాలి కొట్టాడు. బంతిని నొక్కి చూశాడు. నేలకేసి ఒకటి కొట్టి చూశాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, రెండో బంతి అందుకున్నాడు.