మారు తాళంచెవి

మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చినా, ఇంటావిడ తన దగ్గరున్న మారు తాళంచెవితో తలుపు తీసి, వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని లోపలికి నడిచింది.

హాల్లో చాప మీద నిద్రపోతున్న నర్సు ఉలిక్కిపడి లేచి, దుప్పటి భుజాలదాకా లాక్కుంది. ఆ ఇంట్లో అద్దెకు దిగి ఆమెకింకా మూడు నెలలే.

“నేనేలేమ్మా! వంటింటి అలమర తలుపు ఊడిందన్నావుగా. నువ్వు పడుకో.”

“ఒక్క ఫోన్ చెయ్యాల్సిందాంటీ. రాత్రంతా డ్యూటీ.”

“నా ఇంటికి నేను రావడానికి ఫోనెందుకే? అద్దెకిచ్చిన ఇంటిని కనిపెట్టుకుని ఉండమంది మా వదిన. ఇంత చేస్తున్నా ఏడాదిలో ఇద్దరు ఖాళీ చేసి పోయారు. నువ్వైనా నాలుగు కాలాలపాటు ఉండు తల్లీ, నా ఒంట్లో ఓపిక లేదు.”

నర్సు మేస్త్రివైపు తిరిగింది. “అన్నా, అలమర సంగతి తర్వాత. ముందు ఈ తలుపుకి లోపల గడియ పెడతావా?”

మేస్త్రి ఇంటావిడ వైపు చూసి నసిగాడు. “ఇంతకుముందు ఖాళీ చేసినావిడ కూడా ఇదే అడిగిందమ్మా. మీతో ఒక మాట చెప్పమంటే, వద్దులే అంది.”

ఆవిడ వెళ్తూ వెళ్తూ ఇంటావిడతో మాత్రం బదిలీ అయిందని చెప్పింది. అంతకుముందు ఉన్నవాళ్ళూ అదే చెప్పారు.

“పెట్టు మేస్త్రీ,” అంది ఇంటావిడ నీరసంగా. “గట్టిది పెట్టు.”

బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. మేస్త్రి పని ముగించి బయటికొచ్చాక, లోపల గడియ పడిన చప్పుడు విన్నాకే లేచి కిందికి దిగింది.