నక్షత్రం తల మరలు

"నాలుగోసారి, తౌనో." తుపాకులు బాగుచేసే ఐమో రైఫిల్‌ని బల్లమీద పెట్టాడు. "నా చేత్తో బిగించిన స్కోపు కుహ్మో ఊళ్ళో ఎవరికీ పక్కకి ఒరగలేదు. నీ ఒక్కడికే ఎందుకు ఒరుగుతోంది?"

"నీ పనితనం అలా ఏడ్చింది మరి," అన్నాడు తౌనో, కాఫీ కప్పులోకి చూస్తూ.

ఎందుకో తౌనోకి తెలుసు. ప్రతి బుధవారం అలెన్ కీతో, స్కోపుని పట్టి ఉంచే రింగుల మరలు తనే వదులు చేస్తున్నాడు. భార్య హిల్కా పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది చెబుతుంది గానీ వినదు. గురువారం ఈ కొట్టుకొచ్చి నాలుగు చీవాట్లు తింటే గానీ ఆయనకి వారం గడిచినట్టుండదు.

"ఇవాళ్టితో దీని పీడ వదిలిస్తా." ఐమో సొరుగులోంచి కొత్త రింగులు తీశాడు. "పొట్టివి పెడితే స్కోపు తుపాకీ గొట్టానికి తగులుతుంది. ఎత్తువి పెడితే దుప్పి కనబడేసరికి నువ్వు కొంగలా మెడ చాచాలి. ఇవి నీకు సరిపోతాయి."

రింగుల్లో మొనదేలిన రెండు కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, మొనా మొనా కలిసేదాకా రింగుల్ని ఒకే వరసలోకి సర్దాడు. తర్వాత స్కోపు ఎక్కించి, కిటికీ బయట గుండు కట్టి వేలాడదీసిన దారంతో లోపలి నిలువుగీతని సరిచూశాడు. మరలు ఒకటి మార్చి ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాడు. ఈలోపు తౌనో రెండో కప్పు కూడా తాగాడు.

"వీటి తలల్లో గాడి నక్షత్రంలా ఉంటుంది. నీ దగ్గరున్న కీలేవీ పట్టవు. ఇక నువ్వు రానక్కర్లేదు."

తౌనో ఖాళీ కప్పు పక్కన పెట్టాడు.

"మంచిదే," అన్నాడు.

తర్వాతి బుధవారం ఇంట్లో అలెన్ కీ పెట్టి చూశాడు. జారిపోయింది. చాకు మొనతో ప్రయత్నించాడు. మర కదల్లేదు. రేడియోలో ఎవరో మంచు పడుతుందని చెబుతున్నారు. రేపు ఎక్కడికెళ్ళాలో తెలియక ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

రైఫిల్‌ని సంచిలో పెట్టబోతుంటే పక్క జేబులో ఏదో గట్టిగా తగిలింది. కొత్త స్టార్ కీ. దానికి దారంతో కట్టిన చీటీ మీద ఐమో కోడిగీతలు:

"ఎడమవైపు తిప్పు, వదులవుతుంది. గురువారం బఠాణీ సూప్ ఇద్దరికి వండుతున్నా."